ఫారిన్‌లో ఏడాది గడపబోయే లాంగ్వేజ్ స్టూడెంట్స్‌కి ప్రాక్టికల్ టాస్కులతో ప్రిపరేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

భాషే మెయిన్ సబ్జెక్టుగా డిగ్రీ చదువుతూ మధ్యలో ఒక ఏడాది ఆ భాష మాట్లాడే దేశంలో ఉండి రావాల్సిన స్టూడెంట్స్, వాళ్లని రెడీ చేసే లెక్చరర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిక పట్టాలి.

అసలు ఈ ఏడాది ఎలా ఉంటుంది? అందరూ యూనివర్సిటీకే వెళ్తారా?

లేదండి. మామూలుగా మూడు దారులు. ఒకటి అక్కడి యూనివర్సిటీలో ఎక్స్‌చేంజ్ స్టూడెంట్‌గా చదవడం, రెండోది అక్కడి స్కూల్లో లాంగ్వేజ్ అసిస్టెంట్‌గా చెయ్యడం, మూడోది ఏదైనా కంపెనీలోనో సంస్థలోనో ఇంటర్న్‌షిప్. బ్రిటన్‌లో ఫ్రెంచో జర్మనో స్పానిషో మెయిన్‌గా తీసుకుంటే డిగ్రీ మామూలుగా నాలుగేళ్లు, అందులో మూడో ఏడాది బయటే. యూరప్‌లో 1987లో మొదలైన ఎరాస్మస్ అనే స్టూడెంట్ ఎక్స్‌చేంజ్ పథకం పుణ్యమా అని ఒక సెమిస్టరో ఏడాదో పక్కదేశంలో చదవడం మామూలు విషయం అయిపోయింది. జపనీస్ వాళ్లకైతే జపాన్ ప్రభుత్వం మెక్స్ట్ (అక్కడి విద్యాశాఖ) స్కాలర్‌షిప్పుల్లో జపనీస్ స్టడీస్ అని విడిగా ఒక రకమే పెట్టింది, దాదాపు ఏడాది కోర్సు అది. ఏ దారిలో వెళ్తున్నారో ముందు తేల్చుకోండి, ఎందుకంటే స్కూల్లో పాఠం చెప్పబోయేవాళ్లకీ లెక్చర్ హాల్లో నోట్స్ రాసుకోబోయేవాళ్లకీ కావాల్సిన ప్రాక్టీసు వేరు. ఇల్లు, ఆఫీసు, ఆస్పత్రి పనులు మాత్రం ముగ్గురికీ తప్పవు.

రెండేళ్లు గ్రామర్ చదివాం, బీ2 సర్టిఫికెట్ కూడా ఉంది. ఇంకా ప్రిపరేషన్ ఎందుకు?

బీ2 అంటే ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు యూరప్ భాషా లెవెల్స్‌లో నాలుగోది. అది ఉన్నవాళ్లు నవల మీద రెండు పేజీల వ్యాసం రాసేస్తారు, పర్యావరణం మీద డిబేట్ చేసేస్తారు, కానీ బాత్రూంలో నీళ్లు కారుతున్నాయని ఇంటి ఓనర్‌కి ఫోన్ చెయ్యమంటే చెమటలు పడతాయి. తెలివి తక్కువై కాదు, ఆ పని ఆ భాషలో ఎప్పుడూ చెయ్యలేదు, అంతే. పరీక్షలో అవతలి మనిషి మీకోసమే నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడతాడు, టాపిక్ ముందే తెలుసు, తప్పు మాట్లాడితే మార్కు పోతుంది తప్ప డిపాజిట్ పోదు. అక్కడ కౌంటర్ వెనక ఉన్నావిడకి మీరు ఏ లెవెల్లో ఉన్నారో అనవసరం, వెనక లైన్‌లో ఇంకో పదిమంది ఉన్నారు, ఆవిడ తొందర ఆవిడది.

ఇంకో సంగతి. దిగిన మొదటి నెలలోనే పనులన్నీ మీద పడతాయి. రూము, రిజిస్ట్రేషన్, బ్యాంకు, సిమ్, ఇన్సూరెన్స్, క్లాసుల సెలెక్షన్, అన్నీ మీ చెవి ఇంకా అక్కడి స్పీడుకి అలవాటు పడని టైములోనే. ఆర్నెల్లు గడిచాక అయితే ఎవరైనా చేసేస్తారు. అందుకే ఈ ప్రిపరేషన్ అంతా ప్రధానంగా ఆ మొదటి నెల కోసమే అని నేను అంటాను.

టాస్క్ అంటే రోల్‌ప్లేనే కదా? తేడా ఏంటి?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. టెక్స్ట్‌బుక్ రోల్‌ప్లేలో ఇద్దరికీ డైలాగ్ ముందే తెలుసు, నువ్వు ఇది అడుగు, నేను అది చెప్తా, అయిపోయింది. దాంతో నోరు తిరుగుతుందేమో గానీ బుర్ర తిరగదు. టాస్క్ అనాలంటే మూడు ఉండాలి: చివర్లో ఒక ఫలితం తేలాలి (అపాయింట్‌మెంట్ దొరికిందా లేదా, అద్దె మొత్తం ఎంతో తెలిసిందా లేదా), అవతలివాళ్ల దగ్గర మీకు తెలియని సమాచారం ఏదో ఉండాలి, ఏ మాటలు వాడాలో ఎవరూ ముందే చెప్పకూడదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లిష్ బోధనా నిపుణుడు బెంగళూరు కేంద్రంగా స్కూలు పిల్లలతో ఒక ప్రాజెక్టు నడిపారు, అందులో గ్రామర్ పాఠాలు పక్కన పెట్టి రైల్వే టైంటేబుళ్లు, మ్యాపులు లాంటివి ఇచ్చి ఆ లెక్కలు తేల్చమనేవాళ్లు, భాష ఆ పని వెంబడే వస్తుందని ఆయన వాదన. ప్రపంచవ్యాప్తంగా టాస్క్ బేస్డ్ టీచింగ్ గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఆ ప్రాజెక్టు పేరు ఎత్తకుండా ఉండరు. ఆయన చేసినట్టు గ్రామర్‌ని మొత్తం పక్కన పెట్టాలా అంటే యూనివర్సిటీ లెవెల్లో అక్కర్లేదు అనే నేను చెప్తా, కానీ పని ముందు, భాష దాని వెనక అన్న వరస మాత్రం ఫారిన్ వెళ్లేవాళ్లకి సరిగ్గా సరిపోతుంది.

మొదలు దేంతో పెట్టాలి?

ఫోన్‌తో. అందరూ తప్పించుకునేది అదే కాబట్టి. ఫోన్‌లో ముఖం కనపడదు, చేతులతో చూపించడం కుదరదు, పెదాల కదలిక ఉండదు, పైగా లైన్ క్లియర్‌గా ఉంటుందన్న గ్యారంటీ లేదు.

క్లాసులో ఎదురెదురుగా కూర్చుని చేతిని చెవి దగ్గర పెట్టుకుని యాక్టింగ్ చేస్తే లాభం లేదు. ఒకళ్లని ఇంకో గదిలోకి పంపి నిజంగా కాల్ చేయించండి. అటుపక్క ఉన్నవాళ్లకి ఒక చీటీ ఇవ్వండి, అందులో చిన్న అడ్డంకి ఉండాలి: డాక్టర్ ఈ వారం లేరు, లేదా అడిగిన రోజు సెలవు, లేదా ముందు ఇంకో నంబర్‌కి ఫోన్ చేసి రిఫరెన్స్ నంబర్ తీసుకోండి. కాల్ చేసేవాళ్లకి ఆ చీటీ గురించి తెలియకూడదు. కాల్ అయ్యాక వాళ్లు రాసుకున్న తేదీ, టైము, పేరు, నంబర్ చీటీతో పోల్చి చూడండి, అక్కడే తెలిసిపోతుంది ఎంత అర్థమైందో.

అంకెలు విడిగా ప్రాక్టీస్ చెయ్యండి, ఇది చిన్నపిల్లల పని అనుకోవద్దు. ఫ్రాన్స్‌లో ఫోన్ నంబర్ రెండేసి అంకెల జంటలుగా చెప్తారు, 97 అని చెప్పేటప్పుడు మీ చెవికి ముందు నాలుగు, తర్వాత ఇరవై, ఆ తర్వాత పదిహేడు వినపడతాయి, ఈలోపు మీరు 4 రాసేసి ఉంటారు. జర్మన్‌లో 48కి ముందు ఎనిమిదే వినపడుతుంది, టైం చెప్పేటప్పుడు "హాల్బ్ డ్రై" అంటే రెండున్నర, మూడున్నర అనుకుని వెళ్తే మీ అపాయింట్‌మెంట్ అయిపోయి గంటవుతుంది. జపనీస్‌లో పెద్ద అంకెలు పదివేలతో గుంపు కడతాయి, అద్దె వినగానే లెక్క తడబడుతుంది. రోజూ ఐదు నిమిషాలు ఒకళ్లు చదవడం, ఒకళ్లు రాయడం, అంతే. దాంతోపాటు మీ పేరు, మీ ఈమెయిల్ అక్షరం అక్షరం ఆ భాషలో తడుముకోకుండా చెప్పడం రావాలి, డాట్, హైఫన్, అట్ గుర్తుతో సహా. ఏ కాల్ చేసినా మొదటి నిమిషంలో అడిగేది అదే.

అవతలివాళ్లు చెప్పింది అర్థం కాకపోతే? దానికీ ప్రాక్టీస్ ఉంటుందా?

ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. ఎంత ప్రిపేర్ అయినా అక్కడ సగం మాటలు అర్థం కావు, ఆ సగంతో ఏం చేస్తారు అన్నదాని మీదే పని అవుతుందా లేదా అన్నది ఉంటుంది. అర్థం కానప్పుడు ఎక్కువమంది చేసేది నవ్వి తలూపడం. అవునవును అనేసి బయటికొచ్చి, అసలు ఏం తెమ్మన్నారు, ఎప్పుడు రమ్మన్నారు అని పక్కవాళ్లని అడగడం.

రెండో అలవాటు "మళ్లీ చెప్పండి" అనడం. తప్పు కాదు కానీ బలహీనం, ఎందుకంటే అవతలివాళ్లు అదే వాక్యాన్ని అదే స్పీడులో, కాస్త గట్టిగా చెప్తారు. దానికంటే మీకు ఎంతవరకు అర్థమైందో చెప్పి మిగతాది అడగండి: "మంగళవారం రావాలన్నది అర్థమైంది, ఏ పేపర్లు తేవాలో అది అర్థం కాలేదు." అప్పుడు వాళ్లు ఆ ఒక్క ముక్కే నెమ్మదిగా చెప్తారు. ఇంకొకటి, విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి సరేనా అని అడగడం. తేదీలు, డబ్బులు, నంబర్ల విషయంలో ఇది ఎప్పుడూ వదలకూడదు. మూడోది, కాగితం మీద రాసివ్వమనడం, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు, ఆఫీసుల్లో అడిగితే చాలామంది రాసిస్తారు.

వీటిని క్లాసులో ఎలా నేర్పాలంటే, టీచర్ కావాలనే వేగంగా, కాస్త నమిలినట్టు, మధ్యలో స్టూడెంట్‌కి తెలియని మాట ఒకటి పెట్టి చెప్పాలి. స్టూడెంట్ ఆ మాట తెలియకుండానే పని పూర్తి చెయ్యాలి. డిక్షనరీ లేదు. సరిగ్గా అడిగితే మార్కు, అర్థమైనట్టు నటిస్తే సున్నా. మొదటి రెండు క్లాసులు అందరూ తిట్టుకుంటారు, పర్లేదు.

రూము వెతుక్కోవడం మీద టాస్క్ ఎలా చెయ్యాలి?

నిజమైన ప్రకటనలు తీసుకోండి, ఆ దేశపు సైట్లలో ఉన్నవి, టెక్స్ట్‌బుక్‌లో ఉన్నవి వద్దు. ఒక్కో గ్రూపుకి ఒక నెల బడ్జెట్ ఇచ్చి, మూడు ప్రకటనల్లోంచి ఒకటి ఎంచుకుని కారణాలతో చెప్పమనండి. మెలిక అంతా ప్రకటనలో ఏం రాయలేదో కనిపెట్టడంలో ఉంటుంది. జర్మనీలో "కాల్ట్" అద్దె చూసి చవక అనుకుంటారు, దాని మీద హీటింగ్, నీళ్లు, మెయింటెనెన్స్ కలిపితే వచ్చేది "వార్మ్" అద్దె, కరెంటూ ఇంటర్నెట్టూ చాలాసార్లు దానికీ బయటే. పైగా బ్రాడ్‌కాస్టింగ్ ఫీజు అని ఇంటికి ఒకటి కట్టాలి, టీవీ లేకపోయినా సరే. డిపాజిట్‌కి చట్టం పరిమితి పెట్టింది: జర్మనీలో మూడు నెలల కాల్ట్ అద్దె దాటకూడదు, ఫ్రాన్స్‌లో ఫర్నిచర్ లేని ఇంటికి ఒక నెల, ఉన్నదానికి రెండు నెలలు. ఈ అంకెలు తెలిసి ఉంటే ఎక్కువ అడిగేవాడి దగ్గర నోరు లేస్తుంది.

ఫ్రాన్స్‌లో ఇంకో తలనొప్పి గ్యారంటీ ఇచ్చే మనిషి కావాలనడం, అది దొరకని స్టూడెంట్స్ కోసం విజాల్ అని ఫ్రీ గ్యారంటీ స్కీమ్ ఉంది, దాని వెబ్‌సైట్ ఫ్రెంచ్‌లో చదివి నాకు ఇది వర్తిస్తుందా లేదా అని తేల్చడమే ఒక మంచి టాస్క్. ఇంట్లో దిగేటప్పుడు గోడ మీద గీతల దగ్గర్నుంచి అన్నీ రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టే కాగితం ఒకటి ఉంటుంది, ఎతా దే లియో అంటారు. క్లాస్‌రూమునే ఇల్లు అనుకుని అలాంటి కాగితం రాయించండి: విరిగిన కుర్చీ, ఊడిన స్విచ్, మరక పడ్డ గోడ. ఇంటి సామాను పేర్లన్నీ ఒక గంటలో వచ్చేస్తాయి, లిస్ట్ బట్టీ పట్టించక్కర్లేదు.

షేర్డ్ ఫ్లాట్ అయితే అక్కడ ఉండేవాళ్లే మిమ్మల్ని ఇంటర్వ్యూ చేస్తారు. అది ప్రశ్నలకి జవాబులు చెప్పడం కాదు, కాసేపు పిచ్చాపాటీ మాట్లాడి నచ్చడం, చాలామందికి అదే కష్టం. దానికి ముగ్గురు పాత ఫ్లాట్‌మేట్స్, ఒక కొత్త మనిషి, పావుగంట. ఇల్లు చూడకుండా, ఓనర్ ఊళ్లో లేనని చెప్పి, ముందు డబ్బు పంపు తాళాలు పోస్టులో వస్తాయి అనే ప్రకటన ఒకటి కూడా మధ్యలో కలిపి పెట్టండి, ఎంతమంది పట్టుకుంటారో చూడండి.

ఆఫీసు పేపర్ల సంగతి?

ప్రతి దేశానికీ ఒక గడువు ఉంటుంది, దిగిన రోజు నుంచే గడియారం మొదలు. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేసుకోవాలి, దానికి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. జపాన్‌లో అడ్రస్ ఖరారైన 14 రోజుల్లోపు మున్సిపల్ ఆఫీసులో చెప్పాలి. ఇటలీలో యూరోపియన్ యూనియన్ బయటివాళ్లు దిగిన 8 పనిదినాల్లో పర్మిట్‌కి అప్లై చెయ్యాలి. చైనాలో హోటల్ కాకుండా వేరేచోట ఉంటే 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు. ఫ్రాన్స్‌లో లాంగ్‌స్టే స్టూడెంట్ వీసాని మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకోవాలి. ఇవి మారుతూ ఉంటాయి, మీ పాస్‌పోర్టుని బట్టి కూడా మారతాయి, కాబట్టి చివరి మాట కాన్సులేట్‌దే.

టాస్క్ ఏంటంటే, ఈ గడువులు టీచర్ చెప్పకూడదు. ప్రతి స్టూడెంట్ తన దేశపు, తన ఊరి అధికారిక వెబ్‌సైట్ ఆ భాషలోనే చదివి, మొదటి నెలకి సొంత క్యాలెండర్ వేసుకోవాలి, ఏ పనికి ముందు ఏ పని అవ్వాలో బాణాలతో సహా. ఇల్లు లేకుండా రిజిస్ట్రేషన్ లేదు, కొన్నిచోట్ల రిజిస్ట్రేషన్ లేకుండా బ్యాంకు అకౌంట్ లేదు, అకౌంట్ లేకుండా ఓనర్ ఇల్లివ్వడు అనే గుండ్రటి చిక్కు వాళ్లంతట వాళ్లే కనుక్కుంటారు, దాని నుంచి ఎలా బయటపడాలో కూడా వాళ్లే వెతకాలి. తర్వాత కౌంటర్ సీన్: కావాల్సిన పేపర్లలో ఒకటి లేదని అవతలి మనిషి తిప్పి పంపుతారు. వెళ్లొస్తానండి అని లేచి రావడం కాదు, ఏ కాగితం, ఎక్కడ ఇస్తారు, బదులుగా ఇంకేదైనా నడుస్తుందా, మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకోవాలా, ఈ నాలుగూ అడిగాకే కుర్చీ లోంచి లేవాలి.

ఒంట్లో బాగోకపోతే?

నొప్పి ఎక్కడ అనేది అందరికీ వచ్చు. ఎప్పటి నుంచి, ఎలాంటి నొప్పి, ఏం చేస్తే పెరుగుతోంది, ఇప్పటికే ఏం మందు వేసుకున్నాను, దేనికి అలర్జీ, ఇవి వరసగా చెప్పడం రాదు. కాబట్టి ఒక్కొక్కరికీ మూడు రోజుల అనారోగ్యం కథ ఇచ్చి డాక్టర్‌కి చెప్పమనండి, డాక్టర్ మధ్యలో అడ్డుపడి ప్రశ్నలు వెయ్యాలి. మీరు రోజూ వాడే మందు ఉంటే దాని జెనెరిక్ పేరు రాసుకోండి, బ్రాండ్ పేరు దేశం దాటితే పనికిరాకపోవచ్చు. కొన్ని మందులు తీసుకెళ్లడమే నేరం: ఏడీహెచ్‌డీకి (ఒకచోట శ్రద్ధ నిలవని సమస్యకి) వాడే యాంఫెటమిన్ మందులు డాక్టర్ చీటీ ఉన్నా జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. ఎమర్జెన్సీ నంబర్లు బుర్రలో ఉండాలి, యూరోపియన్ యూనియన్ మొత్తానికి 112, జపాన్‌లో అంబులెన్స్‌కీ ఫైర్‌కీ 119, పోలీసుకి 110. ఎమర్జెన్సీ కాల్ టాస్క్‌లో ముందు ఎక్కడున్నారో చెప్పడం ప్రాక్టీస్ చెయ్యండి, ఏమైందన్నది తర్వాత.

అక్కడి క్లాసులకి ఎలా రెడీ అవ్వాలి?

అక్కడి యూనివర్సిటీలు పెట్టిన లెక్చర్ వీడియోలు ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి. ఇరవై నిమిషాలది ఒకటి సబ్‌టైటిల్స్ లేకుండా, ఆపకుండా విని నోట్స్ రాసుకోండి. ఆ నోట్స్ ఆ వీడియో చూడని ఫ్రెండ్‌కి ఇవ్వండి, వాళ్లు దాన్నిబట్టి సారాంశం రాయాలి. ఎక్కడ బోల్తా పడ్డారో దాంట్లో కనపడిపోతుంది.

మార్కుల పద్ధతి ముందే తెలుసుకోకపోతే గుండె ఆగుతుంది. ఫ్రాన్స్‌లో 20కి వేస్తారు, 10 వస్తే పాస్, 16 వస్తే పండగ చేసుకోవచ్చు. జర్మనీలో తిరగేసి ఉంటుంది, 1 అంటే టాప్, 4 వరకు పాస్, 5 ఫెయిల్. జర్మన్ టైంటేబుల్‌లో గంట పక్కన సీ.టీ. అని ఉంటే క్లాసు పావుగంట ఆలస్యంగా మొదలవుతుంది, ఎస్.టీ. అని ఉంటే కరెక్టు టైముకి. మీ సొంత యూనివర్సిటీతో ఏ కోర్సుకి ఎన్ని క్రెడిట్లు లెక్కేస్తారో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే విమానం ఎక్కండి, దిగాక కోర్సు మార్చాల్సి వస్తే కొత్త దానికీ అదేరోజు మెయిల్ మీద ఓకే తెప్పించుకోండి.

లాంగ్వేజ్ అసిస్టెంట్‌గా వెళ్తున్నాం, మాకు వేరే ప్రాక్టీస్ ఏమైనా?

ఫ్రాన్స్‌లో అసిస్టెంట్‌కి వారానికి 12 గంటలు. వినడానికి తక్కువే కానీ, పన్నెండేళ్ల పిల్లలు ముప్పైమంది ముందు నిలబడితే ఒక గంటే చాలా పెద్దది. పది నిమిషాల యాక్టివిటీ ఒకటి తయారుచేసి క్లాస్‌మేట్స్ మీద నడపండి, వాళ్లు పిల్లల్లాగా అల్లరి చెయ్యాలి. ఇంకో టాస్క్, స్టాఫ్ రూములో తెలియని టీచర్‌ని మాట్లాడించి ఫొటోకాపీ మెషీన్ కోడ్, క్లాసు లిస్టు, హాజరు ఎవరు తీసుకోవాలి అనేవి కనుక్కోవడం. ఎందుకంటే ఇవన్నీ మీకు తెలుసనే అక్కడ అందరూ అనుకుంటారు.

ఈమెయిల్స్ రాయడం నేర్పాలా?

నేర్పాలి, కానీ ఒక్క క్లాసు చాలు. సంబోధన, మర్యాద స్థాయి, ముగింపు మాట, ఈ మూడూ సరిగ్గా ఉంటే మిగతాది ఎవరూ పట్టించుకోరు. అనుమానం ఉంటే ఎక్కువ మర్యాదతో మొదలుపెట్టి, వాళ్లు దిగితే మీరూ దిగండి.

మాది బిగినర్స్ బ్యాచ్, ఏ2 దగ్గరే ఉన్నాం. మాకు ఈ టాస్కులు కుదురుతాయా?

అసలు మీకే ఎక్కువ కావాలి. టాస్క్ అదే ఉంచి లోతు తగ్గించండి. బీ2 వాళ్లు ఓనర్‌తో రిపేర్ ఖర్చు ఎవరిదని వాదిస్తే, మీరు ఏం పాడైందో చెప్పి ఎప్పుడొస్తారో కనుక్కుంటే చాలు. లెవెల్ వచ్చాక మొదలుపెడదాం అనుకుంటూ కూర్చుంటే వీసా ముందొచ్చేస్తుంది.

మేం నేర్చుకున్నది ఒకటి, అక్కడ జనం మాట్లాడేది ఇంకొకటి అంటున్నారు. నిజమేనా?

చాలాచోట్ల నిజమే. జ్యూరిక్‌లో వీధిలో వినపడేది స్విస్ జర్మన్, కైరోలోనో అమ్మాన్‌లోనో ఎవరూ పుస్తకాల అరబిక్‌లో బేరమాడరు, ఒసాకా జపనీస్ టోక్యోది కాదు, క్యుబెక్ ఫ్రెంచ్ వింటే ప్యారిస్ ఫ్రెంచ్ నేర్చుకున్నవాళ్లు మొదటి వారం బిత్తరపోతారు. అక్కడి యాసలో మాట్లాడాల్సిన పని లేదు, మీరు మామూలు భాషే మాట్లాడండి, వాళ్లకి అర్థమవుతుంది. చెవి మాత్రం రెడీ చేసుకోవాలి. వెళ్లే ఊరి లోకల్ రేడియో ఒకటి పట్టుకుని రోజూ పది నిమిషాలు వాతావరణం, ట్రాఫిక్, జనం ఫోన్ చేసి మాట్లాడే ప్రోగ్రాములు వినండి. న్యూస్ రీడర్ల కంటే ఫోన్ చేసే శ్రోతలే మీకు అసలు పాఠం.

ఇక్కడే ఉన్న ఫారిన్ స్టూడెంట్స్‌తో ప్రాక్టీస్ చెయ్యొచ్చా?

అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది. మీ క్యాంపస్‌కి ఎక్స్‌చేంజ్‌లో వచ్చినవాళ్లు మీరు అక్కడ పడబోయే తిప్పలే ఇక్కడ పడుతున్నారు. టాండెం పద్ధతిలో సగం టైం వాళ్ల భాష, సగం టైం మీ భాష, గడియారం పెట్టుకుని మరీ. ఊరికే కబుర్లు కాకుండా ప్రతిసారీ ఒక పని పెట్టుకోండి, ఈ వారం వాళ్ల యూనివర్సిటీలో కోర్సు రిజిస్ట్రేషన్ ఎలాగో, వచ్చే వారం వాళ్ల ఊళ్లో అద్దె ఇళ్ల సంగతి. పని లేకపోతే మూడో వారానికి ఇద్దరూ ఇంగ్లిష్‌లోకి జారిపోతారు.

కల్చర్ షాక్‌కి టాస్కులేంటి, అది మనసుకి సంబంధించింది కదా?

1955లో లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు అమెరికాలో ఉండొచ్చిన నార్వే స్కాలర్ల మీద రాస్తూ, మొదట బాగుండి మధ్యలో పడిపోయి మళ్లీ లేస్తుందని యూ ఆకారం గీత గురించి చెప్పాడు, 1960లో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త కల్చర్ షాక్‌కి దశలు చెప్పాడు. ఆ గీత అందరికీ వర్తించదని తర్వాత పరిశోధనలు తేల్చాయి, కొందరికి మొదటి వారమే అన్నిటికంటే దారుణంగా ఉంటుంది. కాబట్టి మూడో నెలలో దిగులు పడతారు అని స్టూడెంట్స్‌కి జాతకం చెప్పకండి.

దానికి బదులు చూడటం నేర్పండి. 1990ల్లో బ్రిటన్‌లో థేమ్స్ వ్యాలీ యూనివర్సిటీ వాళ్లు లాంగ్వేజ్ స్టూడెంట్స్‌కి ఎత్నోగ్రఫీ నేర్పారు, అంటే మానవశాస్త్రం వాళ్లలాగా జనం మధ్యలో ఉండి గమనించి రాసుకోవడం, అదీ వెళ్లకముందు సొంత ఊళ్లోనే. ఆ టాస్క్ ఎవరైనా చెయ్యొచ్చు: ఒక లైబ్రరీలోనో బస్టాండులోనో గంటసేపు కూర్చుని, జనం ఎంత దూరంలో నిలబడుతున్నారు, లైన్ ఎలా కడుతున్నారు, తెలియనివాళ్లని ఎలా పలకరిస్తున్నారు రాయండి. ఎడమ పక్క కేవలం కనపడింది, కుడి పక్క మీకు అనిపించింది. "ఆయన కసురుకున్నాడు" అనేది కుడి పక్కకి వెళ్తుంది, "ఆయన తల ఎత్తకుండా నంబర్ చెప్పాడు" అనేది ఎడమ పక్క. సొంత ఊళ్లోనే ఈ రెండూ విడదీయడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు అక్కడికెళ్లి మొదటి వారమే "ఈ దేశం వాళ్లంతా ఇంతే" అని తీర్పు ఇవ్వరు.

నిజంగా దిగులుగా ఉంటే, నిద్ర తిండి పోతే, దానికి టాస్కులు మందు కాదు, అక్కడి యూనివర్సిటీ కౌన్సిలింగ్ సర్వీసుకి వెళ్లాలి. దాని నంబర్, పనివేళలు వెళ్లకముందే కనుక్కుని రాసుకోండి.

ట్రాన్స్‌లేషన్ యాప్‌లు, ఏఐ ఉన్నాయిగా, ఇదంతా ఇప్పుడు అవసరమా?

ఇంటికొచ్చిన లెటర్ చదవడానికి, ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో చూసుకోవడానికి యాప్ బ్రహ్మాండం, వాడొద్దని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు మాత్రం మనిషికి చూపించండి. ఫోన్ ప్రాక్టీస్‌కి ఏఐతో మాట్లాడటం కూడా పర్లేదు, కానీ దానికి ఓపిక ఎక్కువ, మీరు ఆగితే అదీ ఆగుతుంది, విసుక్కోదు, గొణగదు, మధ్యలో వేరేవాళ్లతో మాట్లాడదు. నలుగురు కూర్చున్న టేబుల్ దగ్గర జోకు పడ్డప్పుడు ఫోన్ తీసి టైప్ చేసేలోపు టాపిక్ మారిపోతుంది. ఒక మంచి టాస్క్: ఇన్సూరెన్స్ లెటర్ ఒకటి యాప్‌తో అనువాదం చేయించి, డబ్బు నష్టం తెచ్చే తప్పు ఎక్కడైనా దొర్లిందా అని ఒరిజినల్‌తో పెట్టి చూడటం.

అక్కడికెళ్లి మన భాష వాళ్లతోనే తిరిగితే?

సగం మంది చేసేది అదే, మిగతా సగం వేరే దేశాల ఎక్స్‌చేంజ్ స్టూడెంట్స్‌తో ఇంగ్లిష్‌లో కాలక్షేపం చేస్తారు. తప్పని అనను, మొదట్లో ఆ తోడు కావాలి. కానీ వెళ్లకముందే ఒక క్లబ్బు వెతికి పెట్టుకోండి, పాటల బృందమో, కొండలెక్కేవాళ్లో, చెస్సో, జర్మనీలో ప్రతి ఊళ్లో ఇలాంటి సంఘాలు ఉంటాయి, జపాన్ యూనివర్సిటీల్లో సర్కిల్స్ ఉంటాయి. వాళ్లకి ఆ భాషలో మెయిల్ రాసి, ఎప్పుడు కలుస్తారు, కొత్తవాళ్లు రావచ్చా అని అడిగి జవాబు తెప్పించుకోవడమే టాస్క్. జవాబు వచ్చిందంటే మొదటి వారంలో వెళ్లడానికి ఒక చోటు దొరికినట్టే.

టీచర్లకి: వీటికి మార్కులు ఎలా వెయ్యాలి?

తప్పులు లెక్కపెడితే టాస్క్ చచ్చిపోతుంది. పని అయ్యిందా, సమాచారం కరెక్టుగా పట్టుకున్నారా, ఇరుక్కున్నప్పుడు ఎలా బయటపడ్డారు, అవతలివాళ్లతో మర్యాద తప్పలేదు కదా, ఈ నాలుగే చూడండి. గ్రామర్‌కి వేరే పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. 2001లో వచ్చిన సీఈఎఫ్ఆర్‌లో, అంటే పైన చెప్పిన ఏ2, బీ2 లాంటి లెవెల్స్ పెట్టిన యూరప్ కొలబద్దలో, ప్రతి లెవెల్‌కీ "ఇది చెయ్యగలడు" అనే వాక్యాలు ఉన్నాయి, వాటిని టాస్కులకి అతికించుకోవచ్చు. 2020లో వచ్చిన అనుబంధంలో మీడియేషన్‌కి, అంటే ఒకరికి అర్థం కానిది ఇంకొకరు విడమర్చి చెప్పడానికి, బోలెడు కొలమానాలు ఇచ్చారు. ఒక లెటర్ చదివి ఆ భాష రాని ఫ్రెండ్‌కి అసలు సంగతి చెప్పడం లాంటి టాస్కులకి అవి చక్కగా పనికొస్తాయి.

ఎంత ముందు మొదలుపెట్టాలి?

ఒక సెమిస్టర్ ముందు, వారానికి ఒక టాస్క్. చివరి నెలలో అందరూ వీసా గొడవల్లో ఉంటారు, అప్పుడు ఎవరూ వినరు.

ఇంకో వారంలో ఫ్లైట్, ఏమీ చెయ్యలేదు. ఇప్పుడేం చెయ్యమంటారు?

కంగారు వద్దు, కొత్తగా ఏదీ చదవకండి. ఈరోజు మీ ఊరి అధికారిక సైట్ తెరిచి మొదటి రెండు వారాల గడువులు, కావాల్సిన పేపర్లు ఒక కాగితం మీద రాసుకోండి. రేపు మీ పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబర్, అక్కడి అడ్రస్ పైకి చెప్తూ రికార్డు చేసుకుని మీరే విని రాసి చూడండి. తర్వాత "ఇంతవరకు అర్థమైంది, ఇది కాలేదు" అనే వాక్యాన్ని ఆ భాషలో నాలుగైదు రకాలుగా నోటికి పట్టించండి. మందుల పేర్లు, ఎమర్జెన్సీ నంబర్లు ఫోన్‌లోనూ కాగితం మీదా రెండుచోట్లా ఉండాలి. ఇక ఫ్లైట్ ఎక్కేలోపు ఒక్క నిజమైన ఫోన్ కాల్ చెయ్యండి, హాస్టల్‌కో, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకో, తాళాలు ఎన్నింటి వరకు ఇస్తారు, లేటుగా దిగితే ఎవరిని అడగాలి అని. ఎలాగూ తెలుసుకోవాల్సిన విషయమే, ఇంగ్లిష్‌లోకి మారమని వాళ్లు అడిగినా మారకండి.